చిప్పింగ్ కాంప్డెన్‌లో ‘చిప్పింగ్’ అంటే సంతే

ఇంగ్లండులోని గ్లాస్టర్‌షర్ కౌంటీ మీద వచ్చిన యాత్రావ్యాసాన్ని తెలుగు చేస్తున్న ఒక అనువాదకురాలు, చిప్పింగ్ కాంప్డెన్ అనే ఊరి పేరులోని ‘చిప్పింగ్’ రాతిని చెక్కడానికి సంబంధించిన మాటేనా అని నిన్న అడిగారు. ఆ ఊళ్లో ఎటు చూసినా తేనెరంగు సున్నపురాతి ఇళ్లే కనిపిస్తాయి కాబట్టి ఆ అనుమానం రావడం సహజమే. కాని ఆ మాటకు రాతితోగాని ఉలితోగాని సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో సంతను, క్రయవిక్రయాలు జరిగే చోటును ‘చేపింగ్’, ‘చీపింగ్’ అనేవారు. ఆ మాటే వాడుకలో మారి ఊరి పేర్ల ముందు చిప్పింగ్‌గా నిలిచిపోయింది.

ఇది తెలుగువారికి ఏమాత్రం కొత్త పద్ధతి కాదు. ప్రకాశం జిల్లాలో సంతనూతలపాడు ఉంది, పర్చూరు దగ్గర ఉత్త నూతలపాడూ ఉంది. ఏ నూతలపాడు అని అడగవలసిన అవసరం లేకుండా ఆ ‘సంత’ అన్న ముందుమాటే జవాబు చెప్పేస్తుంది. శ్రీకాకుళం వైపు సంతబొమ్మాళి, పల్నాటి వైపు సంతమాగులూరు కూడా ఇలాంటి పేర్లే. గ్లాస్టర్‌షర్‌లోనూ ఓల్డ్ సాడ్‌బరీ, లిటిల్ సాడ్‌బరీ, చిప్పింగ్ సాడ్‌బరీ అని మూడు ఊళ్లు పక్కపక్కనే ఉన్నాయి; అంటే పాత సాడ్‌బరీ, చిన్న సాడ్‌బరీ, సంత సాడ్‌బరీ అన్నమాట. పొరుగున ఆక్స్‌ఫర్డ్‌షర్‌లో ఉన్న చిప్పింగ్ నార్టన్‌కూ ఇదే అర్థం.

ఈ మాటకు చుట్టాలు చాలామందే ఉన్నారు. లండన్‌లోని చీప్‌సైడ్ ఒకనాటి పెద్ద అంగడివీధి. జర్మన్‌లో కొనడాన్ని ‘కౌఫెన్’ అంటారు, కోపెన్‌హాగెన్ అంటే వర్తకుల రేవు. ఇవన్నీ ఒకే కుదురు నుంచి వచ్చినవి. ఇప్పుడు మనం చవక అనే అర్థంలో వాడే ‘చీప్’ కూడా మొదట బేరం, వ్యాపారం అనే అర్థాలున్న నామవాచకమే. ‘గుడ్ చీప్’ అంటే మంచి బేరం. ఆ పలుకుబడిలో ముందున్న మాట జారిపోయి, మిగిలిన మాటే తక్కువ ధరను సూచించే విశేషణంగా మారింది. మన ‘బేరం’ కూడా ఇలాగే రెండు అర్థాల మధ్య తిరుగుతున్నది. దుకాణదారు ‘ఈ రోజు బేరాల్లేవు’ అంటే అమ్మకాలు లేవని అర్థం, కొనేవాడు ‘బేరం ఆడాను’ అంటే ధర తగ్గించమన్నానని అర్థం.

ఇలా సంత జరిగే ఊరిని ఇంగ్లీషులో ‘మార్కెట్ టౌన్’ అంటారు; దాన్ని కొందరు ‘వ్యాపార కేంద్రం’ అని అనువదిస్తున్నారు. దీనికి నేను ఒప్పుకోలేను. మధ్యయుగపు ఇంగ్లండులో ఊరి నిండా దుకాణాలున్నంత మాత్రాన అది మార్కెట్ టౌన్ అయిపోదు. వారంలో ఫలానా రోజున సంత జరుపుకొనే హక్కును రాజు ఎవరికైనా ఇస్తేనే ఆ ఊరికి ఆ హోదా దక్కేది. గ్లాస్టర్‌షర్‌లోనే ఉన్న స్టో ఆన్ ద వోల్డ్‌కు 1107లో మొదటి హెన్రీ వారపు సంత హక్కును ఇచ్చాడు. ఆ హక్కుకు రక్షణ కూడా ఉండేది. బ్రాక్టన్ పేరుతో ప్రసిద్ధమైన 13వ శతాబ్దపు న్యాయగ్రంథం ప్రకారం, ఉన్న సంతకు 6⅔ మైళ్ల లోపున కొత్త సంత పెట్టడం పాతదానికి నష్టం చేయడమే. ఆ లెక్కలో మామూలు మనిషి రోజుకు నడవగలిగేది 20 మైళ్లు. ఆ రోజును మూడు పాళ్లు చేసి, వెళ్లడానికి ఒక పాలు, అమ్ముకోవడానికి ఒక పాలు, వెలుగుండగానే ఇల్లు చేరడానికి ఒక పాలు వదిలారు. తలమీద గంపతో నడిచి వెళ్లే మనిషిని చూసి కట్టిన లెక్క ఇది. అందుకే ‘సంత పట్టణం’ అంటేనే ఆ నడక, ఆ వారపు రోజు మన పాఠకుడి మనసుకు తడతాయి.

స్టోలో నడివీధి చౌకంలోకి దారితీసే సందులు కొన్ని మరీ ఇరుకుగా ఉంటాయి. గొర్రెలను ఒకదాని వెనుక ఒకటిగా తోలితే లెక్కపెట్టుకోవడం తేలికవుతుందని వాటిని అలా ఉంచారని చెబుతారు. కాంప్డెన్ నడివీధిలో 1627లో బాప్టిస్ట్ హిక్స్ అనే ధనిక వర్తకుడు కట్టించిన సంతసావడి నేటికీ ఉంది: నాలుగు పక్కలా రాతి కమానులు, పైన చెక్క దూలాల కప్పు, కింద శతాబ్దాల తొక్కుడుకు అరిగి ఎగుడుదిగుడైన రాతినేల. వెన్న, జున్ను, కోళ్లు అమ్ముకునేవారు వానకు తడవకూడదని కట్టించిన సావడి అది. వ్యాసంలో దీన్ని ‘మార్కెట్ హాల్’ అని వదిలేయకుండా ‘సంతసావడి’ అనమని నా విన్నపం.

వారపు సంత వేరు, ఏడాదికి ఒకటి రెండుసార్లు జరిగే ‘ఫెయిర్’ వేరు. ఈ రెండో మాటకు మూలమైన లాటిన్ ‘ఫేరియా’కు పండుగరోజు అని అర్థం. మన తిరునాళ్లు కూడా పవిత్రమైన రోజులే కాబట్టి, ఫెయిర్‌కు ‘తిరునాళ్లు’ కంటే దగ్గరి మాట నాకు కనిపించలేదు. ‘ప్రదర్శన’ అంటే మాత్రం అర్థం పూర్తిగా చెడుతుంది.

ఇక ఆమె అడిగిన రెండో సంగతి, కాంప్డెన్ చర్చిలోని ఇత్తడి ఫలకం మీది మాటను తెలుగులో ఎలా చెప్పాలన్నది. 1401లో చనిపోయిన ఉన్ని వర్తకుడు విలియం గ్రెవెల్‌ను ఆ ఫలకం లాటిన్‌లో ‘యావత్ ఇంగ్లండులోని ఉన్ని వర్తకులలో పువ్వు’ అని కీర్తిస్తుంది. తెలుగులో వర్తకుణ్ణి పువ్వు అంటే సుకుమారుడనే ధ్వని వస్తుంది. శ్రేష్ఠత చెప్పడానికి మనకు ‘శిరోమణి’ ఉండనే ఉంది. ‘ఉన్నివర్తక శిరోమణి’ అంటే శాసనభాషలోని గాంభీర్యం కూడా నిలుస్తుంది.

కౌంటీని కౌంటీగానే ఉంచవచ్చు, జిల్లా అంటే మన కలెక్టరు పాలన గుర్తుకొస్తుంది. ఊరి పేరునూ అనువదించనక్కరలేదు. మొదటిసారి వచ్చినచోట ‘చిప్పింగ్ కాంప్డెన్, అంటే సంత కాంప్డెన్’ అని ఒక్కసారి రాసి, ఆపైన అసలు పేరే వాడితే సరిపోతుంది.