ఆరోగ్యశ్రీ బీమా కంపెనీ చేతికి వెళ్తే నా ప్రైవేటు పాలసీ ఆపెయ్యొచ్చా?

కంచరపాలెం కుట్టుమిషన్:

అందరికీ నమస్కారం. మాది కంచరపాలెం. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, మా ఆయన ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పని చేస్తారు. తెల్లకార్డు ఉంది. అయినా భయంకొద్దీ మూడేళ్లుగా మా ముగ్గురికీ ప్రైవేటు ఆరోగ్య బీమా కడుతున్నాను. ఈసారి 19 వేలు కట్టమని వచ్చింది. దసరాకి కళ్లు కాయలు కాచేలా కుట్టిన డబ్బంతా దానికే సరి.

2025 సెప్టెంబరులో మన కేబినెట్ ఒప్పుకున్న పద్ధతిలో రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ, అది దాటితే 25 లక్షల వరకు ప్రభుత్వానిదే అయిన ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు చూసుకుంటాయట. (పేరు ఎన్నిసార్లు మారినా మా వీధిలో ఆరోగ్యశ్రీ అనే అంటాం.) "ఇంక ఆ పాలసీ దండగ వదినా" అని మా మరిది ఒకటే పోరు. నాకే ధైర్యం చాలట్లేదు.

జులైలో ఒక రాత్రి పదకొండింటికి మా నాన్నకి చెమటలు పట్టాయి. గ్యాస్ అనుకుని సోడా తాగించాం. పావుగంటకి ఎడమ చెయ్యి పట్టుకుని గడప మీదే కూలబడిపోయాడు. పక్కింటివాళ్ల ఆటోలో ఈ పథకంలో ఉన్న ఒక ప్రైవేటు (నెట్‌వర్క్) ఆసుపత్రికి పరిగెత్తాం. గోడకి ఆరోగ్యమిత్ర (పథకం తరఫున రోగులకి సాయం చేసే మనిషి) అని బోర్డు, దాని కింద బల్ల, బల్ల మీద ఎవరో మరిచిపోయిన టిఫిన్ డబ్బా. కుర్చీ ఖాళీ. "అప్రూవల్ పొద్దున్నే వస్తుంది, యాంజియోగ్రామ్ పథకంలోకి రాదు, ముందు 20 వేలు కట్టండి" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. అమ్మ గాజులు ఎంతకీ రాలేదు, ఉమ్మితో తడిపి లాగింది. మా వీధిలో చీటీలు వేసే అక్కని నిద్రలేపి, అవి పెట్టి డబ్బు తెచ్చాం. రసీదు అడిగితే తెల్లకాగితం మీద అంకె వేసిచ్చారు. స్టెంట్ మాత్రం పొద్దున్నే కార్డు మీదే వేశారు, అదీ చెప్పాలి. నాన్న ఇప్పుడు బాగానే ఉన్నాడు.

ఈ లక్షల లెక్కలు నాకు బుర్రకెక్కవు. కంపెనీ వస్తే రాత్రి పదకొండింటికి ఆ కుర్చీలో మనిషి ఉంటాడా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఒకప్పటి మిత్ర:

చెల్లెమ్మా, నేను శ్రీకాకుళంలో ఆ కుర్చీలోనే ఆరేళ్లు కూర్చున్నాను. 2007లో ఈ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మాదొకటి. అనంతపురం, మహబూబ్‌నగర్ మిగతా రెండూ. అప్పుడు నడిపింది బీమా కంపెనీయే, ప్రభుత్వం ప్రీమియం కట్టేది. 2008లో మరికొన్ని జబ్బులు చేర్చి వాటిని ట్రస్టుకి అప్పగించారు, పోనుపోను అన్నీ ట్రస్టు కిందికే వచ్చాయి. ఇప్పుడు కొత్తగా చూస్తున్నదేమీ లేదు, పాత బాటే.

కంపెనీ డాక్టర్లు కాగితాలు చీల్చి చెండాడేవాళ్లు. ఇంకో రిపోర్టు, ఇంకో ఫొటో. అక్కర్లేని ఆపరేషన్లు కొన్ని అలా ఆగాయి, కాదనను. కానీ టెక్కలి నుంచి వచ్చిన ఒక ముసలామె అప్రూవల్ కోసం మా వరండాలో రెండు రాత్రులు చాప వేసుకుని పడుకుంది. ఆ చాప నాకు ఇప్పటికీ గుర్తే.

మీకు చెప్పింది మాత్రం తప్పు. ఎమర్జెన్సీలో ఫోన్ మీదే అప్రూవల్ తీసుకోవచ్చు. పథకం కింద స్టెంట్ వేసినప్పుడు దానికి చేసిన పరీక్షలు, మందులు, భోజనం ప్యాకేజీలోవే. 104కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. ఆ తెల్లకాగితం పారెయ్యకండి.

ఎంవీపీ పెద్దాయన:

31 ఏళ్లు బీమా ఆఫీసులో చేసి రిటైరయ్యాను. కంపెనీకి ప్రీమియం ముందే వస్తుంది, క్లెయిములు ఎంత తగ్గితే అంత మిగులు. కాబట్టి చెయ్యి బిగిస్తుంది. ట్రస్టుకి ఆ యావ లేదు, కానీ బిల్లులు పేరుకుపోతాయి. 2025 అక్టోబరులో ప్రైవేటు ఆసుపత్రులు బకాయిల కోసమే కదా సేవలు ఆపేశాయి! కంపెనీ వస్తే బకాయిలుండవు అంటున్నారు, సరే. ఆ ప్రీమియం కట్టాల్సిందీ అదే ఖజానా. అది ఆలస్యమైతే కంపెనీ ఏం చేస్తుందో మా ఆఫీసులో ఎవర్నడిగినా చెప్తారు.

మీ పాలసీ ఆపకండమ్మా. ముందే ఉన్న జబ్బులకి వెయిటింగ్, అంటే పాలసీ తీసుకున్నాక వాటికి క్లెయిము ఇవ్వని కాలం, గరిష్ఠంగా మూడేళ్లు. అది మీరు దాదాపు దాటేశారు, ఇప్పుడు వదిలేస్తే మళ్లీ ఓనమాలే. ఇంకోటి, 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే ఆరోగ్య బీమాకి జీఎస్టీ లేదు. ఆ 19 వేలలో పన్ను కలిపారేమో చూడండి.

జగదాంబ సెంటర్:

ట్రస్టా, కంపెనీయా అని కొట్టుకుంటున్నారు గానీ మన విశాఖ ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ పేరెత్తరేం? అక్కడా అదే కార్డు మీద చేస్తారు, ఆ డబ్బు ప్రభుత్వాసుపత్రికే చేరుతుంది. శ్రీకాకుళం నుంచి కోరాపుట్ దాకా జనం వచ్చి పడేది అక్కడికే. ప్రీమియంగా పోసేది అక్కడ నర్సులకీ మంచాలకీ పెడితే చాలదా? పదేళ్లుగా అరుస్తున్నాను ఈ మాట.

కంచరపాలెం కుట్టుమిషన్:

జగదాంబ బాబూ, మీ మాట నాకూ నచ్చింది. కానీ గుండెనొప్పి వచ్చినప్పుడు ఎక్కడ లైటు వెలుగుతుంటే అక్కడికే పోతాం.

పెద్దాయన గారూ, చూశాను, పన్ను లేదు. పన్ను పోయాక కూడా 19 వేలే! కట్టేస్తాను, మరిదికి నేనే చెప్పుకుంటాను. మిత్ర అన్నయ్యా, 104కి చేశాను. ఒక నంబరిచ్చారు, ఆసుపత్రి కాగితాలు దగ్గర పెట్టుకోమన్నారు. ఆ తెల్లకాగితం అమ్మ బియ్యం డబ్బాలో దాచింది, చీటీల అక్క లెక్క రాసిన కాగితంతో కలిపి. గాజులు సంక్రాంతికైనా విడిపించాలి.