ఇరకం దీవిలో ఫోటోలు తీసినవాళ్లు కాస్త చెప్తారా?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. సంక్రాంతి సెలవుల్లో నాన్నను పులికాట్ సరస్సులోని ఇరకం దీవికి తీసుకెళ్దామనుకుంటున్నా. మోకాళ్ల నొప్పులున్నా, పడవెక్కాలని ఏడాదిగా అడుగుతున్నారు.

పోయిన జనవరిలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు మీద కొంతదూరం వెళ్లాం. రెండు పక్కలా నీళ్లు, దూరంగా ఫ్లెమింగోలు. ఒక గుంపు ఒక్కసారి లేచింది. రెక్కల్లో ఆ ఎరుపు, అంచున నలుపు ఇప్పటికీ కళ్లముందే ఉంది. నా 55 ఎంఎం లెన్స్‌లో మాత్రం తెల్లటి చుక్కలే పడ్డాయి. నాన్న ఆ ఫోటోనే ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టుకున్నారు.

ఈసారి పక్షులకంటే పడవలు, వలలు, ఒడ్డున మనుషులే ఎక్కువ తీయాలనుంది. తడ దగ్గర బీవీ పాళెం రేవు నుంచి పొద్దున మొదటి పడవ ఎన్నింటికి? నీళ్లలో దిగి ఎక్కాలా, మెట్లున్నాయా? నాన్న కోసం ఇది ముఖ్యంగా తెలియాలి. తిరుగు పడవ సాయంత్రం ఎందాకా ఉంటుంది? దీవిలో సూర్యాస్తమయం ఏ వైపు నుంచి బాగుంటుంది? అడిగి తీస్తే అక్కడి జాలర్లు ఏమీ అనుకోరు కదా?

అదే రోజు నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులనూ (పెలికాన్లనూ) చూడొచ్చా, లేక రెండూ పెట్టుకుంటే నాన్న అలిసిపోతారా?