అప్‌డేట్: ఉన్ని ముద్ద మొత్తానికి గొర్రెపిల్ల అయింది

పోయిన నెల నేనడిగింది ఇదీ: హనుమకొండలో ఇంట్లోంచే అత్తమ్మా నేనూ ఆన్‌లైన్‌లో ఉన్ని ఫెల్టింగ్ (ఉన్నిని సూదితో పొడిచి పొడిచి గట్టి బొమ్మగా చేయడం) నేర్చుకుంటున్నాం, వారంలో నాలుగు సూదులు విరిగాయి, బొమ్మ గట్టిపడడం లేదు, ఏం చేయాలి అని. సూదిని లోపల ఉండగా వంచొద్దని, దిగిన దారిలోనే పైకి తీయమని చాలామంది చెప్పారు. మేం వంచుతున్నాం, తప్పు అదే. ఆ సూది అంచుల్లో సన్నటి గాట్లుంటాయి, అవే పోగుల్ని లోపలికి లాక్కెళ్లి చిక్కు పెడతాయి. పక్కకు ఒత్తితే టప్‌మని విరుగుతుంది. ఆ తర్వాత ఒక్కటే విరిగింది, అదీ ఫోన్‌లో మేడం చేతులు చూస్తూ పొడిచినప్పుడు. (నా వేలికీ తగిలింది, అది వేరే కథ.)

అసలు సంగతి ఇప్పుడు. కొన్న మెత్తటి మెరినో గొర్రెల ఉన్ని అయిపోయింది. అత్తమ్మ ఊళ్లో గొర్లు కాసేవాళ్ల దగ్గర్నుంచి గొంగళ్లకు వాడే నల్ల ఉన్ని తెప్పించింది. జిడ్డు పోవాలని వేడినీళ్లలో కుంకుడుకాయ రసం పోసి, బట్టలు ఉతికినట్టు రుద్దేసింది. ఇంకేముంది, ఉతికినదంతా అట్టకట్టింది! నాకు టెన్షన్. మేడం మాత్రం కెమెరాలో చూసి నవ్వారు. వెట్ ఫెల్టింగ్ అంటే అదేనట, వచ్చే వారం పాఠం. "సూడు బిడ్డా, నేను ముందే పాసైన" అంది అత్తమ్మ.

రెండోసారి, మిగతా ఉన్నిని రుద్దకుండా నానబెట్టి తీశాం. ఈ ఉన్ని మొరటు, బొమ్మ మీద వెంట్రుకలు లేచి ఉంటాయి. గొర్రెపిల్లకు అదే అందం. కాళ్లు నాలుగూ సమానంగా లేవు, టీవీ పక్కన గోడకు ఆనించి నిలబెట్టాం. అట్టకట్టిన ముక్కని అత్తమ్మ వేడి గిన్నెల కింద వేస్తోంది.