పేరు రాయని శనివారం క్యాసెట్: ఎవరి కచేరీ అయి ఉంటుంది?

హన్మకొండ శ్రోత:
మా నాన్న రేడియో నుంచి ఎక్కించుకున్న క్యాసెట్లు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. చాలావాటి మీద పాడినవాళ్ల పేర్లు, రాగాలు పద్ధతిగా రాశారు. ఒకదాని మీద మాత్రం 'శనివారం 9.30' అని తప్ప ఏమీ లేదు. మగ గొంతు, ఖరహరప్రియ రాగం ఆలాపన మధ్యలోంచి మొదలవుతుంది. ఎవరిదో తెలుసుకునే దారి ఏమైనా ఉందా? వీటిని కంప్యూటర్‌లోకి నేనే ఎక్కించుకోవచ్చా?

కాజీపేట జంక్షన్:
శనివారం 9.30 అంటే ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమమే అన్నా. 1952లో మొదలైంది. రాత్రి 11 దాకా వచ్చేది. గంటన్నర కచేరీ కాబట్టి సి-90 క్యాసెట్ పెట్టుకుని కూర్చునేవాళ్లు. 45 నిమిషాలకు తిప్పాలి. తిప్పేలోపు ఆలాపన కొంత పోతుంది, ఆ కాలం టేపులు చాలావరకు ఇట్లనే ఉంటయి. మీరు వింటున్నది రెండో వైపు అయి ఉంటుంది. మొదటి వైపు పెట్టి చూడండి, అనౌన్సర్ గాయకుడి పేరుతోపాటు వయొలిన్, మృదంగం ఎవరో కూడా చెప్తారు.

హన్మకొండ శ్రోత:
మొదటి వైపు మీద మా అక్క బతుకమ్మ పాటలు ఎక్కించింది తమ్ముడూ. అవి చెరపమంటే ఇంట్లో యుద్ధమే. ఖరహరప్రియ రెండు నిమిషాల ముక్క ఇక్కడ పెడుతున్నా, వినండి.

సహాన:
ఆ బతుకమ్మ పాటలు కూడా జాగ్రత్తగా ఎక్కించండి సార్, అలాంటివి మళ్లీ దొరకవు. ముక్క విన్నాను. నాకైతే కర్ణాటక గాయకులు నేదునూరి కృష్ణమూర్తి గారిలా ఉంది. ఆ నిదానం, స్వరాన్ని ఊపే ఆ గమకం ఆయనవే.

పాత మీడియం వేవ్:
నాకు ఓలేటి వెంకటేశ్వర్లు అనిపిస్తోంది. పై షడ్జమం (పై 'స') దగ్గర నిలబడి దిగేటప్పుడు చూడండి, ఆ జారుడులో హిందుస్తానీ వాసన ఉంది. ఇద్దరూ శ్రీపాద పినాకపాణి గారి దగ్గర నేర్చుకున్నవాళ్లే కాబట్టి రెండు నిమిషాల్లో తేల్చడం కష్టం. ఓలేటికి హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్ అంటే ప్రాణం. ఆ ఖాన్ సాహెబ్ చివరి రోజులు మన హైదరాబాద్ బషీర్‌బాగ్‌లోనే గడిచాయి, 1968లో అక్కడే పోయారు. (నేను మాట్లాడితే ఖాన్ సాహెబ్ దాకా వెళ్తానని మా ఇంట్లో గొడవ.)

సహాన:
రెండో వైపు చివరిదాకా విన్నారా సార్? కచేరీ అయ్యాక పేర్లు మళ్లీ చదువుతారు. ఇంకో మాట. యూట్యూబ్‌లో పోల్చి తేల్చేద్దాం అనుకోకండి. అక్కడ ఒకే కచేరీ ఇద్దరి పేర్లతో తిరుగుతుంటుంది.

జమ్మికుంట:
గొంతు పోల్చే ముందు స్పీడు సరిచూడండి. టేపు 6 శాతం వేగంగా తిరిగితే శ్రుతి అరమెట్టు పైకి పోతుంది, ఒకటిన్నర శ్రుతిలో పాడినాయన రెండులో పాడినట్టు వినిపిస్తడు. గొంతు కూడా సన్నబడుతుంది. కరెంటు మీద నడిచిన రేడియోతో ఎక్కించిన టేపైతే అడుగున 'మ్‌మ్' అని హమ్ ఉంటుంది. అది 50 హెర్ట్జ్ ఉండాలి. ఆడాసిటీ అనే ఆడియో ప్రోగ్రామ్‌లో స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే గ్రాఫ్) చూస్తే 53 దగ్గర కనిపించిందనుకోండి, మీ టేప్ డెక్కు పరుగెత్తుతోందని అర్థం. సరిగ్గా 50 దగ్గర ఇంకో గీత కూడా ఉంటే అది ఇప్పటి మీ వైరింగ్‌ది, దాన్ని లెక్కపెట్టకండి.

కాజీపేట జంక్షన్:
ఎక్కించే ముందు క్యాసెట్‌ను వెలుతురులో పెట్టి టేపు వెనక చూడండి, రాగి పట్టీ మీద చిన్న ఫెల్ట్ ముక్క ఉంటుంది. మన ఎండలకు జిగురు ఎండి ఊడిపోతుంది. అది లేకపోతే టేపు దాన్ని చదివే హెడ్డుకు ఆనదు, పాట గుడ్డలో చుట్టినట్టు వస్తుంది. స్క్రూలున్న ఖాళీ క్యాసెట్‌లోకి రీళ్లు మార్చేస్తే చాలు. తర్వాత హెడ్డు పక్కన దాని వాలు సరిచేసే చిన్న స్క్రూ ఉంటుంది. తంబుర మీటు విడివిడిగా వినిపించేదాకా కొంచెం కొంచెం తిప్పండి. దాచుకునే కాపీ వేవ్ (కుదించని) ఫైలుగానే ఉంచండి, గంటకు 600 ఎంబీ అవుతుంది. స్పీకర్ ముందు ఫోన్ పెట్టి వాయిస్ నోట్ తీసి గ్రూపుల్లో పంపేవాళ్లకు మాత్రం దండం. అది పంచుకోవడం కాదు, పాడుచేయడం.

కల్యాణి వరంగల్:
నాయిస్ రిడక్షన్ వాడొచ్చా? మా అమ్మకు ఆ 'స్‌స్' చప్పుడు ఉంటే వినబుద్ధి కాదు.

పాత మీడియం వేవ్:
వద్దమ్మా. చప్పుడుతోపాటు తంబుర పోతుంది, మృదంగం మీద చాపు దెబ్బ మొద్దుబారుతుంది.

కల్యాణి వరంగల్:
అంత చెవి మాకెక్కడిది సార్? వినకుండా పెట్టెలో ఉంచడం కంటే శుభ్రం చేసి వినడం నయం కదా.

సహాన:
అక్కా, అమ్మకోసం శుభ్రం చేసింది వేరే ఫైలు చేయండి, అసలుది ముట్టుకోకండి. దానికి పెద్ద చర్చ అక్కర్లేదు.

జమ్మికుంట:
ఇవి అందరికీ అప్‌లోడ్ చేయొచ్చా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. విడుదలైన రికార్డు మీద కాపీరైట్ హక్కు, విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు బతికుండగా వచ్చిన 78 గ్రామఫోన్ ప్లేట్లకు ఆ గడువు దాటిపోయింది, ఆయన 1964లోనే పోయారు. రేడియో నుంచి ఎక్కించుకున్నవి అలా కాదు, మనలో మనం వినడం దాకా సరే.

హన్మకొండ శ్రోత:
చివరిదాకా విన్నాను. మంగళం అయ్యాక అనౌన్సర్ 'వయొలిన్' అనేదాకా వచ్చి టేపు అయిపోయింది! హమ్ 52 దగ్గర చూపిస్తోంది, 50 దగ్గర ఇంకేమీ లేదు.

జమ్మికుంట:
అయితే 4 శాతం తగ్గించి మళ్లీ పెట్టండి. ఆ 'వయొలిన్' ముందు గాయకుడి పేరు చెప్పి ఉండాలి కదా?

హన్మకొండ శ్రోత:
అక్కడే మా నాన్న దగ్గారు. దగ్గు కింద ఏదో '...మూర్తి' అని వినిపిస్తోంది.

సహాన:
నేను ముందే చెప్పాను!

పాత మీడియం వేవ్:
మూర్తులు చాలామంది ఉన్నారమ్మా. స్పీడు సరిచేసిన ఫైలు పెట్టండి, కృతి మొత్తం. నిరవల్ (ఒకే పంక్తిని రకరకాలుగా పాడే చోటు) విన్నాకే ఒప్పుకుంటా.