అప్‌డేట్: రంపం మోటారు ఇప్పుడు 4 సెకన్లలో ఆగుతోంది

జీడిమెట్లలోని మా షెడ్డులో 5 హెచ్‌పీ రంపం మోటారును త్వరగా ఆపబోతే డ్రైవ్ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) ట్రిప్ అవుతోందని, అంటే తనంతట తానే ఆగిపోతోందని పోయిన నెల అడిగాను. కారణం దొరికింది. వేగం తగ్గించేటప్పుడు రంపం బరువైన చక్రం మోటారును జనరేటరుగా మార్చేస్తోంది, ఆ శక్తి డ్రైవ్ కెపాసిటర్లలోకి వెనక్కి వస్తోంది. 415 వోల్టుల సరఫరాకు అక్కడ దాదాపు 587 డీసీ వోల్టులు ఉండాలి. తెర మీద నా కళ్ల ముందే 780 దాటింది, వెంటనే ట్రిప్!

మీరు చెప్పినట్లే, వెనక్కి వచ్చే ఆ శక్తిని వేడిగా మార్చేసే బ్రేకింగ్ రెసిస్టర్ బిగించాం. ఆ శక్తిని దానిలోకి మళ్లించే స్విచ్ లాంటి ట్రాన్సిస్టర్ డ్రైవ్‌లో ముందే ఉంది. రెసిస్టర్ ఓములు (నిరోధం) మాత్రం డ్రైవ్ మాన్యువల్‌లోని కనిష్ఠానికి తగ్గకూడదు. రెసిస్టర్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది కాబట్టి ప్యానెల్ బయట జాలీ పెట్టెలో ఉంచాం. మోటారులోకి డీసీ కరెంటు పంపి ఆపే డీసీ ఇంజెక్షన్ పద్ధతిలో వేడంతా రోటరులోనే (మోటారులో తిరిగే భాగంలోనే) దిగుతుంది, గంటకు 30 సార్లు ఆపే మా పనికి అది వద్దనుకున్నాను. సలహా ఇచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.