ఈ వారం సమస్య: పదికి తొమ్మిది పెద్దన్న పందెమేల

పెన్నాగట్టు: తేటగీతి. ఈసారి సమస్య నా సొంత తలనొప్పిలోంచే పుట్టింది. విడవలూరు దగ్గర మా బావకి రెండు రొయ్యల గుంటలున్నాయి, నీళ్లలో ఉప్పుదనం హద్దు దాటితే ఫోన్‌కి మెసేజ్ వచ్చేట్టు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న స్క్రిప్ట్ రాసిచ్చాను. హద్దు ఎంతనేది లోపల రాయలేదు, ఆర్‌స్క్రిప్ట్ అని కొట్టి ఫైల్ పేరు పక్కన 9 అని ఇస్తే సరిపోయేట్టు పెట్టాను, రేపు పక్క గుంటవాళ్లు అడిగినా అంకె మార్చుకుంటే చాలని. వానల్లో బ్రహ్మాండంగా నడిచింది. ఒకసారి 9.5 వస్తే మెసేజ్ కూడా వచ్చింది! ఎండలు ముదిరి ఉప్పు 10 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటికి ఎన్ని పాళ్ల ఉప్పో ఆ లెక్క), 12 పీపీటీ అయితే మాత్రం చప్పుడు లేదు. ఎర్రర్ కూడా లేదు. బావ ఏమన్నాడో ఇక్కడ రాయను. పూరణ ఎట్టాగైనా చేయండి గానీ విషయం కంప్యూటర్ దాటి పోకూడదు.

కావలి ప్యాసింజర్: దొరికింది అన్నా.

అంకె యనుకొని పంపితి నార్గుమెంటు
చేరె నక్షరరూపమై చెప్పకుండ
మొదటి యక్షరమును జూచి ముగియు తీర్పు
పదికి తొమ్మిది పెద్దన్న పందెమేల

కమాండ్‌ఆర్గ్స్ అనే ఫంక్షన్ మనం బయటి నుంచి ఏమిచ్చినా, అంటే ఏ ఆర్గుమెంటైనా, అక్షరాలుగానే అందిస్తుంది. మీ రీడింగుల ఫైల్ కాలమ్‌లో 10 సంఖ్యే, కానీ పక్కన అక్షరం కనబడేసరికి ఆర్ ఆ సంఖ్యను కూడా అక్షరాల్లోకి మార్చి పోలుస్తుంది. నిఘంటువు వరుసన్నమాట, 1 కన్నా 9 తర్వాతది కాబట్టి 10 చిన్నదైపోయింది. 9.5కి ఆ గొడవ లేదు. అదే ఒక కూడిక చేసి ఉంటే అక్కడే ఎర్రర్ కొట్టి ఆగేది, మీకు టెన్షన్ తప్పేది.

ఒంగోలు గిత్త: విషయం బాగుంది అబ్బాయ్. "ముగియు తీర్పు" కాదు, "ముగియుఁ దీర్పు". తిక్కనగారి ఊరివాళ్లతో కలిసి తిరుగుతూ ద్రుతాన్ని, అదే చివరి నకారాన్ని, మింగేస్తే ఎట్టా?

కావలి ప్యాసింజర్: దిద్దుకుంటాను గురువుగారూ. మరి సమస్యలోనే "పదికిఁ దొమ్మిది" అని ఉండాలి కదా?

పెన్నాగట్టు: తప్పు నాదే. ఇక నుంచి అట్టానే రాయండి.

ఒంగోలు గిత్త: ఇంకో మాట. అంకె వేరు, సంఖ్య వేరు. ఒకటీ సున్నా అనే రెండు అంకెలు కలిస్తే పది అనే సంఖ్య. ఆర్ వాటిని అంకెలుగానే చూసింది, చూడనిది సంఖ్యగానే. అంటే మీ మొదటి పాదం అర్థం తిరగబడింది.

కావలి ప్యాసింజర్: నిజమే... కానీ "సంఖ్య" అని మొదలుపెడితే ఆర్గుమెంటుకు యతి కుదరదండీ. ఏం చెయ్యమంటారు?

కందుకూరు పిల్ల: నాకు ప్రోగ్రామింగ్ రాదు.

ఒకటి మొదలుగ లెక్కించ నొక్క వరుస
ముందు తొమ్మిది పుట్టగ మురిసె నమ్మ
పిదప పది పుట్టె తమ్ముడై వెనుక వెనుక
పదికిఁ దొమ్మిది పెద్దన్న పందెమేల

పెన్నాగట్టు: భలే అమ్మాయ్! ముందు పుట్టినవాడే అన్న, అంతే కదా. నియమం తప్పింది గానీ చదివి నవ్వుకున్నాను.

ఒంగోలు గిత్త: "పిదప" అన్నాక మళ్లీ "వెనుక వెనుక" ఎందుకమ్మా? గణాలు నింపడానికే వచ్చాయి, తెలిసిపోతోంది.

ముత్తుకూరు గుంట: మొదటిసారి రాస్తున్నా, తిట్టొద్దు.

రొయ్యగుంటల నీటిలో రోజు జూడ
హద్దు తొమ్మిది యుప్పేమొ యంటె పదిని
గంట మోగలే దెందుకో కనుగొనండి
పదికిఁ దొమ్మిది పెద్దన్న పందెమేల

రెండో పాదంలో హ కీ య కీ యతి చెల్లుతుందా?

ఒంగోలు గిత్త: నిక్షేపంగా చెల్లుతుంది. ఇబ్బంది మూడో పాదంలో. "కనుగొనండి" అని మీరే అడిగి, వెంటనే జవాబూ మీరే చెప్పేసి "పందెమేల" అంటే అన్వయం తెగిపోయింది. "గంట మోగలే దక్షర గణన వలన" అనండి, కారణం పద్యంలోకి వస్తుంది, గం-గ యతి కూడా నిలుస్తుంది.

ముత్తుకూరు గుంట: అబ్బ, ఒక్క పాదం మారితే ఎంత తేడానో.

పెన్నాగట్టు: నా ఓటు ముత్తుకూరు వాళ్లకే, గుంట నీళ్లు ముట్టుకున్నవాళ్లు రాసినట్టుంది. స్క్రిప్ట్‌లో వచ్చిన హద్దును, అక్షరాలను సంఖ్యగా మార్చే ఆజ్ డాట్ న్యూమరిక్‌లో చుట్టాను, 11 రీడింగ్ పెట్టి చూస్తే మెసేజ్ టక్కున వచ్చింది. ఏమీ ఇవ్వకుండా ఎంటర్ కొడితే ఆపేసేట్టు, ఎన్ని ఆర్గుమెంట్లు వచ్చాయో లెంగ్త్‌తో చూసే లైన్ కూడా పైన పెట్టాను.

కావలి ప్యాసింజర్: మరి బావ శాంతించారా?

పెన్నాగట్టు: యాడ అబ్బా! నిన్న రాత్రి ఆయన 9 పక్కనే ఖాళీ లేకుండా "పీపీటీ" అని కూడా కొట్టాడు. సంఖ్య కుదరక ఎన్‌ఏ, అంటే విలువ లేదని, వచ్చింది, హద్దుతో పోల్చే చోట స్క్రిప్ట్ ఆగిపోయింది. ఫోన్ చేసి "ఈసారి ఎర్రర్ వచ్చిందిలే" అన్నాడు, అదేదో నయమైనట్టు. వచ్చే వారం సమస్య దాని మీదే, ఈలోగా "ఎన్‌ఏ" ఏ గణంలో ఇముడుతుందో ఆలోచించుకుని రండి.