పూర్వ విద్యార్థుల పండగ: డిసెంబరా, సిరిమానా, సంక్రాంతా?

గంటస్తంభం (2009 బ్యాచ్)
విజయనగరంలో మన యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల పండగ తేదీ మార్చాలా అని కమిటీ అడుగుతోంది. మూడేళ్లుగా డిసెంబర్ చివరి శనివారం, హైవే పక్క ఫంక్షన్ హాల్లో జరుగుతోంది. మార్చమనేవాళ్లలో కొందరు సిరిమాను (పైడితల్లమ్మ జాతర) మర్నాడు అంటున్నారు, కొందరు సంక్రాంతి అంటున్నారు. నా ఓటు సంక్రాంతికి.

కిందటిసారి రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చున్నది నేనే. టికెట్టు రెండు వేలు. మా బ్యాచ్‌వాడే ఒకడు, గజపతినగరం వైపు ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాడు, బల్ల దాకా వచ్చాడు. బోర్డు మీద రేటు చదివాడు. "ఫోనొస్తోందిరా, ఇప్పుడే వస్తా" అని చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచాడు. ఆ ఫోన్ వెలగనేలేదు, నేను చూశాను. మళ్లీ రాలేదు. లోపల మాత్రం విమానం దిగి వచ్చినవాళ్లకి శాలువాలు కప్పుతూనే ఉన్నారు.

న్యూజెర్సీ బావ (2003 బ్యాచ్)
శాలువాలు మేం అడగలేదు గురూ. మా బాధా వినండి. ఇక్కడ పిల్లలకి సెలవులు దొరికేది క్రిస్మస్‌కే. జనవరి మధ్యలో స్కూలు మానిపించి తీసుకురాలేం. పోయినేడు స్కాలర్‌షిప్ డబ్బు ఆ సాయంత్రం చేతులెత్తినవాళ్ల దగ్గరే పోగయింది. మేం లేకపోతే ఆ సొమ్ము ఎక్కణ్ణుంచి వస్తుంది?

చంపావతి ఒడ్డు (2012 బ్యాచ్)
అన్నా, డబ్బు పంపడానికి విమానం ఎక్కక్కర్లేదు కదా. కోపం తెచ్చుకోకు.

అసలీ హోమ్‌కమింగ్, అంటే పాత విద్యార్థుల్ని కాలేజీకి తిరిగి పిలిచే పండగ, మీ అమెరికా వాళ్లదే. అక్కడ మొదట ఎవరు పెట్టారన్నది ఇంకా తేలని తగువు. మిసౌరీ యూనివర్సిటీ అయితే 1911లో కాన్సస్‌తో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి పాత విద్యార్థుల్ని ఇంటికి రమ్మని పిలిచింది. పిలుపుకి మ్యాచ్‌ని ముడిపెట్టారు. మనమూ దేనికో ఒకదానికి ముడిపెడదాం. మన ఊళ్లో జనం ఎలాగూ దేనికొస్తారు? పైడితల్లమ్మకి! విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం మూడు లాంతర్ల నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంటే చూడని విజయనగరం వాడు ఉంటాడా? సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను, బుధవారం మన పండగ.

జీడితోట (పలాస, 2007 బ్యాచ్)
అక్టోబర్ అని ఎలా అనగలిగారండీ? 2013లో పైలిన్ తుపాను అక్టోబర్ 12న. 2014లో హుద్‌హుద్, అదీ 12నే. 2018లో తిత్లీ 11న. తిత్లీ రాత్రి మా ఉద్దానంలో కొబ్బరి చెట్లు పుల్లల్లా విరిగాయి, జీడిమామిడి వేళ్లతో సహా లేచిపోయింది. మైదానంలో టెంట్లు వేసి మొగులు చూస్తూ కూర్చోడం నా వల్ల కాదు. పైగా సిరిమానుకి మీ ఊళ్లో లాడ్జీలో గది దొరికిందా ఎవరికైనా? మా శ్రీకాకుళం వాళ్లం ఎక్కడ పడుకోవాలి, రైల్వే స్టేషన్లోనా?

చంపావతి ఒడ్డు
మా ఇంట్లో పడుకోండి. డాబా మీద చోటుంది. కానీ తుపాను మాట నిజమే, ఒప్పుకుంటున్నా.

రాజాం కుర్రోడు (2015 బ్యాచ్)
డిసెంబర్ చివరి వారం మాకు క్రిస్మస్. ఇంటికి చుట్టాలొస్తారు, 31 రాత్రి ఆరాధన. మూడేళ్లూ నేను రాలేదు. ఎందుకు రాలేదని కూడా ఎవరూ అడగలేదు.

గంటస్తంభం
తమ్ముడూ, ఇది నా బుర్రకి తట్టలేదు. తప్పు మాదే.

ముగ్గుల రాణి (2010 బ్యాచ్)
మగవాళ్లు తేదీలు తేల్చేస్తున్నారు కాబట్టి నేనూ చెప్తా. నేను ఊరి ఆడపడుచుని, హైదరాబాద్ కోడల్ని. ఏడాదిలో నాలుగు రోజులు పుట్టింట్లో ఉండేది సంక్రాంతికే. మా హాస్టల్ వింగ్‌లో పద్నాలుగు మందిమి ఉండేవాళ్లం. అందులో తొమ్మిది మంది పండక్కి విజయనగరం, శ్రీకాకుళం, ఈ రెండు జిల్లాల్లోనే ఉంటారు, ఎవరి పుట్టింట్లో వాళ్లు. అయినా ఒకళ్లనొకళ్లం చూసుకుని పదేళ్లు దాటింది. డిసెంబర్‌లో "పాత ఫ్రెండ్స్‌ని చూడాలి, విజయనగరం వెళ్తా" అంటే మా అత్తగారి మొహం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. రైలు టికెట్లంటారా, అరవై రోజుల ముందు ఫలక్‌నుమాకి ఎలాగూ కుస్తీ పడతాం. ఒక్క కుస్తీతో రెండు పనులవుతాయి.

వంటింటి ఖైదీ (2010 బ్యాచ్)
ఏమే రాణీ, నువ్వు ఆడపడుచువి. మరి నేను ఈ ఊరి కోడల్ని! నువ్వు పుట్టింట్లో కాళ్లు చాపుకునే మూడు రోజులూ నేను మా ఆడపడుచులకి అరిసెలు, గారెలు, కనుమకి కోడికూర వండుతుంటా. పండగ మూడు రోజుల్లో పెడితే నేను రాను, చెప్తున్నా.

ముగ్గుల రాణి
ముక్కనుమ సాయంత్రం అయితే?

వంటింటి ఖైదీ
అప్పటికి చుట్టాలు సగం మంది బస్సెక్కేస్తారు. గారెలు మిగిలితే పట్టుకొస్తా.

న్యూజెర్సీ బావ
సరే, తొమ్మిది మంది అంటే చిన్న లెక్క కాదు. కానీ ముక్కనుమకి క్యాంపస్ మూసేసి ఉంటుంది. మెస్ వాళ్లకీ పండగే. వంట ఎవరు చేస్తారు?

గంటస్తంభం
మంచి ప్రశ్న బావా. మెస్ జోలికి వెళ్లొద్దు. పులిహోర, పెరుగన్నం, ఒక స్వీటు బయట చెప్దాం. గేటు దగ్గర మురీ మిక్చర్ బండి ఒకటి. ఫంక్షన్ హాలు మానేసి మన ఆడిటోరియం ముందున్న మైదానంలో పెడితే తలకి మూడొందల్లో అయిపోతుందని నా అంచనా. ఇచ్చుకోలేనివాళ్లు ఇవ్వక్కర్లేదు, బల్ల దగ్గర ఎవరినీ అడగం. స్కాలర్‌షిప్ చందా ఆ సాయంత్రంతో కలపకుండా విడిగా వసూలు చేద్దాం. మీరు డిసెంబర్‌లో వచ్చినప్పుడు ఆ పిల్లలతో కూర్చోబెట్టే పూచీ నాది. శాలువా మాత్రం ఉండదు.

న్యూజెర్సీ బావ
శాలువా తప్పిందంటే అదే పదివేలు. ఇంట్లో మూడున్నాయి. కానీ మా వాళ్లలో కొందరికి కష్టంగానే ఉంటుంది, అదీ రాసి ఉంచండి.

చంపావతి ఒడ్డు
డీజే వద్దని నా షరతు. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మనది. ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్‌తో ఉన్న చోటు. అక్కడి పిల్లల్ని పిలిచి ఒక గంట వాయించమంటే వినమా? పోయినసారి స్పీకర్ల మోతలో నా రూమ్మేట్‌తో వాట్సాప్‌లో మాట్లాడాను, వాడు పక్క కుర్చీలోనే ఉన్నాడు.

జీడితోట
సిరిమాను ఓటు వెనక్కి తీసుకున్నట్టేనా?

చంపావతి ఒడ్డు
తీసుకున్నా. డాబా మాత్రం ముక్కనుమకీ ఖాళీయే.

గంటస్తంభం
ఆదివారం కమిటీ మీటింగు. ముక్కనుమ నాటికి ఈ రెండు జిల్లాల్లో ఉండేవాళ్లు బ్యాచ్, ఊరు ఇక్కడ రాయండి, ఆ లెక్క పట్టుకెళ్తా. ఆ లెక్కల మాస్టారికి నేను ఫోన్ చేస్తాను. ఈసారి ఎత్తుతాడో లేదో.